ఒక బంటు, ఒక అడుగు

2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరు నగరమున పదునెనిమిదేండ్ల దొమ్మరాజు గుకేశ్ చైనా దేశీయుడైన డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ చదరంగ విజేత అయ్యెను. పదునాలుగు ఆటల పోటీలో పదమూడు ఆటలు ముగియునప్పటికి ఇరువురును సమానముగనే ఉండిరి. పదునాలుగవదియు అటులే సమముగ ముగియునని చూచువారు తలచుచుండగా, ఏబదియైదవ ఎత్తున డింగ్ తన ఏనుగును తగని గడికి జరిపెను. ఆ ఒక్క ఎత్తుతో ఏనుగులు మారిపోవుటయు, వాని వెనుక శకటులు మారిపోవుటయు తప్పనివైనవి. పిమ్మట మిగులునవి రాజులు, బంటులు మాత్రమే. ఆ లెక్కలో నల్లపావులు నడుపుచున్న గుకేశునకు ఒక బంటు అధికము. కొలది ఎత్తులలో ఆట ముగిసెను. మొత్తము మీద 7½–6½ తేడాతో కిరీటము చేతులు మారెను.

చెన్నైలోని తెలుగు కుటుంబమున పుట్టిన ఈ బాలుని విజయము ఒంటరి సంఘటన కాదు. అదే సంవత్సరము సెప్టెంబరులో బుడాపెస్టున జరిగిన 45వ చదరంగ ఒలింపియాడులో ఓపెన్ విభాగమునను, మహిళల విభాగమునను స్వర్ణపతకములు భారతదేశమునకే దక్కినవి. ఆ జట్లలో వరంగల్లుకు చెందిన ఇరిగేశి అర్జున్, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉండిరి. కోనేరు హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ రాపిడ్ విజేతగా నిలిచెను. 2025 జూలైలో బటూమి నగరమున మహిళల ప్రపంచకప్పు తుదిపోరులో ఎదురెదురుగా కూర్చున్న ఇరువురును భారతీయులే. హంపిని ఓడించిన దివ్యా దేశ్‌ముఖ్ ఆ గెలుపుతో దేశమునకు 88వ గ్రాండ్‌మాస్టరు అయ్యెను. 1988లో విశ్వనాథన్ ఆనంద్ మొదటి గ్రాండ్‌మాస్టరు అయిన నాటికి ఇది ఎవరును ఊహింపని మాట.

పత్రికలు శిఖరములను చూపును. శిఖరము నిలుచుటకు క్రింద కొండ ఉండవలెను. చదరంగమున ఆ కొండ ఎక్కడనున్నదో తెలియవలెనన్నచో, శని ఆదివారములలో పట్టణములందలి కల్యాణమండపములలోను, పాఠశాలల సభాభవనములలోను జరుగు పోటీలను చూడవలెను. వరుసగా వేసిన బల్లలు, వానిపై పరచిన గళ్ళ గుడ్డలు, ప్రక్కన రెండు ముఖముల గడియారము, ఎత్తులు వ్రాసికొనుటకు ఒక కాగితము. ఒక బల్ల వద్ద ఎనిమిదవ తరగతి బాలుడు, వాని ఎదుట ఏబదియేండ్ల బ్యాంకు ఉద్యోగి. ఆటతో పొట్టపోసికొనువారు వీరిలో లేరు. వీరు ఔత్సాహికులు.

ఈ మాట తెలుగువారికి క్రొత్తది కాదు. పగలు కచేరీలోనో, బడిలోనో పనిచేసి, సాయంకాలము ముఖమునకు రంగు పూసికొని రంగస్థలమెక్కిన వారి నాటక సమాజములను తెలుగునాట ఔత్సాహిక సమాజములనియే పిలిచిరి. వారికి వేతనము లేదు, ఉత్సాహమే పెట్టుబడి. చదరంగమునను ఔత్సాహికుని స్థితి అదియే. అయితే నటునకు లేని ఒక వస్తువు చదరంగపు ఔత్సాహికునికి కలదు. ఆట ముగిసిన మరుక్షణమున వాని పనితనమునకు ఒక అంకె వచ్చి తగులును. ఆ అంకె పేరు రేటింగు.

రేటింగు లెక్కను రూపొందించినవాడు ఆర్పాడ్ ఎలో. హంగేరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన ఆచార్యుడు. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ చదరంగ సమాఖ్యయగు ఫిడే 1970లోను స్వీకరించినవి. దాని సూత్రము సరళము. ఇరువురి అంకెల తేడాను బట్టి ఎవరు ఎంత గెలువవలెనో ముందే అంచనా కట్టుదురు. తేడా 200 అయినచో బలవంతుడు నూటికి 76 పాళ్ళు సంపాదింపవలెను. అంచనాకు మించినవానికి అంకె పెరుగును, తగ్గినవానికి తరుగును. ఎంత వేగముగ పెరుగవలెను, తరుగవలెను అనుదానికి ఒక గుణకము కలదు. పదునెనిమిదేండ్ల లోపువారికి, రేటింగు 2300 దాటనంతవరకు, అది 40. నిలకడపడిన పెద్దవారికి, 2400 దాటనంతవరకు, 20.

ఈ లెక్క ఔత్సాహికుల బల్ల వద్ద ఎట్లు పనిచేయునో తెలియుటకు నమూనాగా ఒక ఆటను ఊహింపవచ్చును. ఇందలి వ్యక్తులు కల్పితులు. ఎత్తులు మాత్రము ఇటువంటి పోటీలలో నిత్యము కనిపించునవే. తెల్లపావులు నడుపు బాలుని రేటింగు 1650, నల్లపావులు నడుపు ఉద్యోగి రేటింగు 1500.

బాలుడు రాజు ముందరి బంటును రెండు గడులు నడిపి ఆట మొదలిడును. మూడవ ఎత్తునకు శకటు ఏటవాలుగా బయటికి వచ్చి నల్లరాజు ప్రక్కనున్న బలహీనమైన బంటుపై గురిపెట్టును. నాలుగవ ఎత్తునకు గుర్రము ముందునకు దూకి అదే బంటును బెదరించును. ఈ దాడి నేటిది కాదు. నాలుగు వందల యేండ్ల క్రిందటి ఇటలీ ఆటగాడు పొలేరియో వ్రాతలలో ఇది కనిపించును. నేటి బాలునికి దూరవాణి తెరపై పాఠముగా దొరకినది. ఇంతవరకు అతడు అర నిమిషమైనను వెచ్చింపలేదు. ఉద్యోగి మధ్యబంటును అడ్డునెట్టగా బాలుడు దానిని కొట్టును. ఇప్పుడు నల్లవారి ముందు ఒక ఉచ్చు కలదు. పోయిన బంటునకు బదులుగా గుర్రముతో వెంటనే కొట్టుట చూచుటకు సహజము. అట్లు కొట్టినచో తెల్లగుర్రము బలియై నల్లరాజును నడిబజారునకు లాగును. ఉద్యోగికి ఈ పాఠము కంఠస్థము కాదు. పదునైదు నిమిషములు తల పట్టుకొని కూర్చుండి, తుదకు తన రెండవ గుర్రమును బల్ల అంచునకు నడిపి తెల్లశకటును ప్రశ్నించును. శాస్త్రము చెప్పునదియు అదే. కంఠస్థము చేసినవాడు అర నిమిషములో చేరిన చోటునకు ఆలోచించినవాడు పదునైదు నిమిషములలో చేరెను. ఇరువురును అక్కడికి చేరిరి. కాని చేరిన త్రోవలు వేరు.

ఒక బంటు తెల్లవారికి లాభము. దానికి బదులు నల్లవారి పావులు చురుకుగా బయటికి వచ్చును. ఆట మూడు గంటలు సాగును. మంత్రులు పోవును, ఏనుగులు పోవును, బంటులొక్కటొక్కటిగా రాలిపోవును. తుదకు మిగులునవి రెండు రాజులు, తెల్లవారి బంటు ఒకటి. తెల్లరాజు నాలుగవ వరుసలో నిలిచెను. అదే నిలువు పట్టెలో ఆరవ వరుసలో నల్లరాజు నిలిచెను. నడుమ ఒకే ఒక గడి ఖాళీ. తెల్లరాజు వెనుక, అదే పట్టెలో, బంటు. ఎత్తు వేయవలసిన వంతు తెల్లవారిది.

ఇట్టి స్థితిలో వంతు వచ్చుట వరము కాదు, శాపము. రాజులు ఎదురెదురుగ నిలిచినప్పుడు ఎవడు ముందు కదలునో వాడు దారి ఇచ్చినవాడగును. తెల్లబంటు ఇంకను తన పుట్టినిల్లయిన రెండవ వరుసలోనే ఉన్నచో బాలునికి చింత లేదు. బంటును ఒక్క అడుగు నడిపి, వంతును ఎదుటివానికి అప్పగించును. నల్లరాజు ప్రక్కకు తొలగక తప్పదు. తెల్లరాజు ముందునకు చొచ్చుకొని పోవును. బంటు మంత్రి అగును. కాని ఆ బంటు అప్పటికే మూడవ వరుసలో ఉన్నది. పది ఎత్తులకు ముందు, ఏమియు తోచనప్పుడు, బాలుడు దానిని ఒక అడుగు ముందునకు జరిపియుండెను. ఇప్పుడు కదల్చుటకు రాజు తప్ప మరి దిక్కు లేదు. రాజు కదలినచో గెలుపు లేదు. అన్ని గడులును, అన్ని పావులును ఒక్కటే; బంటు ఒక్క అడుగు ముందున్నది, అంతే. ఆ ఒక్క అడుగు గెలువవలసిన ఆటను సమము చేసెను.

ఇరువురికిని చెరి అర పాయింటు. అయినను అంకె ఇరువురికిని ఒకే తీర్పు చెప్పదు. 150 తేడాకు బాలుడు ఒక ఆటలో 0.70 సంపాదింపవలెనని అంచనా. దక్కినది 0.50. లోటు 0.20ను 40తో హెచ్చించినచో, పోయినవి ఎనిమిది పాయింట్లు. ఉద్యోగికి 20తో హెచ్చించగా వచ్చినవి నాలుగు. బాలుడు వాకిలి దాటగానే తండ్రి అడుగు మొదటి మాట, "ఎంత పోయిందిరా?" అని. ఎట్లు పోయినదని అడుగువారు అరుదు. ఎత్తులు వ్రాసిన కాగితము మడతలు పడి సంచి అడుగున చేరును. తరువాతి ఆటకు పిలుపు వచ్చును.

నేటి ఔత్సాహిక చదరంగపు చిక్కంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది. బాలుడు ఆ దినమున నేర్వదగిన విద్య ఒక్కటే: పని లేని బంటును కదల్పరాదని, దాచిన అడుగు ఒకనాటికి ఆదుకొనునని. ఆ విద్య ఎనిమిది అను అంకెలో లేదు. అది నలుబది ఎత్తుల ఆ కాగితముననే ఉన్నది. ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మార్కుల పట్టిక విద్యార్థికి వాని స్థానమును చెప్పును. ఎఱ్ఱసిరాతో దిద్దిన సమాధాన పత్రము వాని తప్పును చెప్పును. పట్టికను గోడకు అంటించి పత్రమును అటకకెక్కించు పాఠశాలలో పరీక్షలు జరుగును గాని చదువు జరుగదు.

అట్లని రేటింగును తూలనాడుట న్యాయము కాదు. అది చేసిన మేలు గొప్పది. అది ఆటగాని కులమడుగదు, భాష అడుగదు, తండ్రి ఉద్యోగమడుగదు. గుంటూరు బాలునికిని, న్యూయార్కు బాలునికిని ఒకే గజముతో కొలత వేయును. దేశ రాజధానికి దూరముగా ఉన్న పట్టణముల పిల్లలు సిఫారసులు లేకయే ప్రపంచపు బల్లల వద్దకు చేరగలిగినారన్నచో, ఈ నిష్పక్షపాతపు కొలతకు అందు భాగము కలదు. వందలమంది చేరిన పోటీలో సమానులను సమానులతో కూర్చుండబెట్టు స్విస్ పద్ధతికి సైతము మొదటి వరుస వేసికొనుటకు రేటింగే ఆధారము. కొలబద్దను విరుచుట వివేకము కాదు. కొలబద్దను పంటగా భ్రమపడుటయే అవివేకము.

ఆ భ్రమను తొలగించు సంఘటన ఇటీవలనే జరిగినది. 2024 మార్చి 1వ తేదీన ఫిడే తన రేటింగు పట్టికను సవరించెను. 2000కు లోబడినవారికి, 2000కును వారి రేటింగునకును గల తేడాలో నూటికి నలుబది పాళ్ళు ఒకేసారి కలిపిరి. 1500 ఉన్నవాడు తెల్లవారునప్పటికి 1700 అయ్యెను. 1000 ఉన్నవాడు 1400 అయ్యెను. పట్టికలో ఉండదగిన కనిష్ఠ రేటింగు 1000 నుండి 1400కు పెరిగెను. క్రింది అంకెలు లెక్కలో మరీ దిగజారి, ఆటగాండ్ర నిజమైన బలమును చూపకున్నవని ఈ సవరణ చేసిరి. సవరణ సమంజసమే. కాని ఆ రాత్రి ఎవరును ఒక క్రొత్త ఎత్తు నేర్వలేదు, ఎవరును ఒక పాత తప్పు మానలేదు. నాలుగు వందల పాయింట్లు పెరిగినవానికి, వాని బంటు నిన్న ఏ గడిలో తప్పిపోయెనో నేడును ఆ గడిలోనే తప్పిపోవుచుండెను.

అంకెపై ఆశ ముదిరినచోట దానిని అడ్డదారిని సంపాదింపవలెనను కోరికయు పుట్టును. 1997లో డీప్ బ్లూ అను యంత్రము నాటి ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించినప్పుడు అది భారీ యంత్రము. నేడు అంతకు మించిన బలము జేబులోని దూరవాణిలో ఉన్నది. 2006లోనే మన దేశమున టోపీలో శ్రవణయంత్రము దాచికొని ఆడిన ఒక ఆటగానికి పదేండ్ల నిషేధము పడెను. నేటి నిబంధనల ప్రకారము ఆటస్థలమున అనుమతి లేని దూరవాణి ఆటగాని వద్ద దొరకినచో ఆట పోయినట్లే. ఈ కాపలా అవసరమే. కాని కాపలాదారు జేబును వెదకగలడు గాని మనసును వెదకలేడు. బిడ్డకు అంకె తప్ప మరేదియు విలువైనది కాదని ఇంటిలో నేర్పి, పోటీలో కాపలా పెట్టుట చేనికి కంచె వేసి విత్తు మరచినట్లుండును.

యంత్రమునకు ఒక సద్వినియోగము లేకపోలేదు. ఆట ముగిసిన తరువాత దానిని అడిగినచో, ఫలానా ఎత్తు తప్పని క్షణములో చెప్పును. అయినను బాలుని చేయి ఆ బంటు మీదికి ఎందుకు పోయెనో అది చెప్పలేదు. విసుగు చేతనా, గడియారపు భయము చేతనా, ఏదో ఒకటి కదల్పవలె గదా అను తొందర చేతనా? ఆ సమాధానము ఆడినవాని వద్దనే ఉన్నది. దానిని వెలికి తీయునది ఆట తరువాత ఇరువురును కలిసి కూర్చుండి, పావులను మరల పేర్చి, "ఇక్కడ మీరేమనుకొన్నారు?" అని అడిగికొను పాత అలవాటే. ఏబదియేండ్ల ఉద్యోగి పదమూడేండ్ల బాలునితో సమానముగ మాటాడు చోటు లోకమున మరి ఎన్ని ఉన్నవి? ఆ అరగంట కొరకు పోటీల పట్టికలో ఖాళీ లేకుండుట నేటి లోపము. ఒక్క దినములో ఎక్కువ ఆటలు కుక్కిన కొలది ఈ సంభాషణ కరవగుచున్నది.

ఔత్సాహికుని ఆటలో చదువదగినది ఉన్నదని గుర్తించినవారిలో మాక్స్ యూవే ముఖ్యుడు. ఆయన హాలండు దేశమున గణితోపాధ్యాయుడు. 1928లో హేగ్ నగరమున ఔత్సాహికుల ప్రపంచ పోటీని గెలిచెను. 1935లో, బడిపంతులు ఉద్యోగము విడువకయే, అజేయుడని పేరొందిన అలేఖిన్‌ను 15½–14½తో ఓడించి ప్రపంచ విజేత అయ్యెను. 1937లో కిరీటమును తిరిగి అలేఖిన్‌కే కోలుపోయెను. 1970 నుండి 1978 వరకు ఫిడే అధ్యక్షుడుగా ఉండెను. ఇంతటివాడు 1963లో వాల్టర్ మైడెన్ అను అధ్యాపకునితో కలిసి వ్రాసిన గ్రంథము మహామహుల ఆటల సంకలనము కాదు. ప్రవీణునకును ఔత్సాహికునకును నడుమ జరుగు ఆటలలో ఔత్సాహికుని తప్పు ఎక్కడ పుట్టునో విడమరచి చెప్పునట్టిది. తప్పును దాచక, తప్పుపై కోపింపక, దాని మూలమును చూపుట ఉపాధ్యాయుని స్వభావము. యూవే బల్ల వద్దను ఉపాధ్యాయుడుగనే ఉండెను.

పాఠశాలలలో చదరంగమును ప్రవేశపెట్టవలెనను కోరిక నేడు బలముగ వినవచ్చుచున్నది. ఆర్మీనియా దేశము 2011లో దానిని ప్రాథమిక పాఠశాలలలో నిర్బంధ పాఠ్యాంశము చేసెను. ఈ కోరిక మంచిదే. కాని చదరంగమాడినంత మాత్రమున లెక్కలలో మార్కులు వచ్చునను ప్రచారమును నమ్మరాదు. ఇంగ్లండులో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ వంద ప్రాథమిక పాఠశాలలలో దీనిని పరీక్షింపజేసి 2016లో ఫలితము ప్రకటించెను. చదరంగము నేర్చిన పిల్లలకును, నేర్వని పిల్లలకును ఒక యేడాది తరువాత గణితమున తేడా కనిపింపలేదు. ఈ ఫలితము ఆటను తక్కువ చేయదు. ఆటను మరొక విద్యకు నిచ్చెనగా అమ్మజూపరాదని మాత్రము హెచ్చరించును. చదరంగము ఇచ్చునది చదరంగమే. తన నిర్ణయమునకు తానే బాధ్యుడని, ఆ నిర్ణయము వ్రాతపూర్వకముగ తన చేతనే నమోదగుచున్నదని బాలునికి తెలియజెప్పు ఆటలు ఎక్కువ లేవు. ముట్టిన పావును కదల్పవలెనను నియమము, ఎత్తు వేసి వ్రాయవలెను గాని వ్రాసి వేయరాదను నియమము — ఈ రెండే చాలినంత నీతిశాస్త్రము.

కనుక బడిలో చదరంగము నేర్పు ఉపాధ్యాయుడు చేయదగిన పని స్వల్పము, వ్యయము లేనిది. పోటీనుండి వచ్చిన పిల్లవానిని అంకె అడుగుటకు ముందు ఎత్తుల కాగితము అడుగవలెను. దాని అంచున మూడు వాక్యములు వ్రాయింపవలెను: తొలిసారి ఏ ఎత్తున సందేహము కలిగెను? ఆ వేళ మనసున ఏమి మెదలెను? మరల ఆ స్థితి వచ్చినచో ఏమి చేయును? పోటీలు నడుపువారు ఆటకును ఆటకును నడుమ కొంత విరామమును, ప్రక్కగదిలో కొన్ని బల్లలను సమకూర్పవలెను. తల్లిదండ్రులు చేయవలసినది ఇంకను స్వల్పము. "ఎంత పోయింది?" అనుటకు బదులు "చూపించు" అన్న చాలును.

సింగపూరులో ప్రపంచ విజేత చేసిన తప్పునకును, కల్యాణమండపమున బాలుడు చేసిన తప్పునకును మూలము ఒక్కటే. పావులు తగ్గి, ఆట తేలికైనట్లు తోచిన వేళ, రేపు ఏమి మిగులునో చూడక నేడు ఒక అడుగు వేయుట. ప్రపంచ విజేత తప్పును వేలమంది విచారించి, గ్రంథములకెక్కించిరి. బాలుని తప్పును విచారించువారు బాలుడు, వాని ఎదుటి ఆటగాడు, వాని ఉపాధ్యాయుడు తప్ప మరెవరును లేరు. చదరంగమున వెనుకకు నడువలేని పావు బంటు ఒక్కటే. దానిని నడిపినవానికి మాత్రము వెనుకకు పోయి చూచుటకు దారి కలదు. ఆ దారి సంచి అడుగున మడతపడి ఉన్న కాగితమున ఉన్నది.